తడి లేని ప్యాంటు

తాండూరులో బండల పాలిష్ యూనిట్ల వెనుక వీధి. మొగుడు విడిచిన బట్టలు ముందేసుకుని కోడలు కూర్చుంది. అరుగు మీద మామ దగ్గుతున్నాడు.

“మామా, నీ కొడుకు నన్ను చేసుకున్నదే ప్యాంట్లు ఉతకనీకి. రోజూ బురదే.”

“బండ కోసే మిషన్ మీద నీళ్లు పడ్తయి బిడ్డా, బురద కాదా? మా కాలంల నీళ్లేడివి? దుమ్ముల పక్కోడు కనపడకపోతుండె. ఇప్పుడు నీ మొగడు దొర లెక్క చేస్తుండు.”

“గని నాలుగు రోజుల సంది ఆ బురద లేదు మామా. ఈ ప్యాంటు జర దులుపు.”

దులిపాడు. తెల్లటి పొడి లేచింది. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“బోరెండిందంట. మిషన్ మాత్రం ఆపుతలేరు.”

“మాస్కిచ్చిండ్రు కదా?”

“ఇచ్చిండ్రు. ఊపిరాడదని జేబుల పెట్టుకుంటడు. పొద్దుగాల లేవంగనే దగ్గుతుండు. అచ్చం నీ లెక్కనే.”

“నాది బీడీల దగ్గు.”

“ఆయన బీడీ ముట్టడు మామా.”

మామ ప్యాంటు మడత పెట్టబోయి ఆగాడు.

“నేను బీడీ మానేసి ఇరవై ఏండ్లాయె. బీడీల దగ్గని వానికి తప్పు చెప్పిన బిడ్డా. నాది గూడ గా దుమ్ము దగ్గే.”