ఎర్లీన్ గోడమీద ఆఖరి మేకు

(మెంఫిస్‌లో ఎర్లీన్ సెలూను. శనివారం పొద్దున. కుర్చీలో ముసలి హోసియా, వెనక కత్తితో ఎర్లీన్. గోడనిండా ఊరి వాయిద్యగాళ్ల ఫొటోలు. ఒక మేకు మాత్రం ఖాళీ.)

“...ఏడాదిపాటమ్మాయ్. ఈ ఊళ్లో మా కాపర్ కెటిల్స్ బ్యాండు బాజా వినకుండా ఒక్క మగాడు గడ్డం గీయించుకోలేదు.”

“తల కదపకు బాబాయ్. ఏడాదా?”

“ఒక వేసవి.”

“ఊరంతానా?”

“ఈ షాపులో. మీ తాత రేడియో మీట ఆ స్టేషన్ దగ్గర ఇరుక్కుపోయింది. ఎంత తిప్పినా కదిలేది కాదు.”

“అందుకా, ఆఖరి మేకు నీకివ్వాలి?”

“పూర్తిగా వినవే. ఆర్గన్ నేను, డ్రమ్ములు రూబెన్, గిటారుకీ సాక్సోఫోనుకీ ఇంకో ఇద్దరు. పాడేవాడు లేడు. ప్రతి ఊళ్లోనూ సగం వాయించాక ఎవడో లేచి, పాడేవాడు ఇంకా రాలేదా అనేవాడు. జాజ్ క్లబ్బులవాళ్లు మాది డాన్సు బాజా అన్నారు. డాన్సు హాళ్లవాళ్లు జాజ్ అన్నారు. చర్చివాళ్లొక్కళ్లే ఆ తేడా చూడలేదు. రెండూ పాపమే అన్నారు.”

“సరే, ఫొటో తెచ్చావా? మధ్యాహ్నానికి మన చర్చిపెద్ద, డీకన్ టాల్బర్ట్ తనది తెస్తాడట.”

“టాల్బర్టా? వాడు ట్రంపెట్ పట్టుకుని ఫొటో దిగాడంతే. ఊదగా విన్నవాడు లేడు.”

“ఏళ్ల తరబడి ఈ కుర్చీలో తల పెడుతున్నాడుగా. తాత నియమం తెలుసు నీకు. ఇక్కడ కత్తెరకి తల అప్పగించినవాడే ఆ గోడెక్కాలి.”

“తెలుసులే. ఇదిగో, మా రికార్డు అట్ట.”

“ఇదేంటి, ఎవరో తెల్లపిల్ల పీచ్ పండు తింటోంది?”

“కంపెనీవాళ్లు వేశారు. మా మొహాలు చూస్తే కొనేవాళ్లు జడుసుకుంటారట.”

“రెండో రికార్డుమీద?”

“పిల్లి.”

“మరి మీ నలుగురూ?”

“అట్ట లోపల. నల్లగా, గుండ్రంగా ఉండేది మేమే.”

“మిమ్మల్ని జనం గుర్తుపట్టడం ఎలా మరి?”

“పట్టలేదు. జాక్సన్‌లో హాలు యజమాని గుమ్మంలోనే ఆపేశాడు. పీచ్ పిల్ల లేకుండా మీరు కెటిల్స్ ఎలా అవుతారన్నాడు. అప్పుడు రూబెన్ పెళ్లాం ఒడెస్సా వ్యానులోంచి దిగి, పసుపు గౌను తొడుక్కుని, స్టేజి మధ్య కుర్చీ వేసుకుని పండు కొరికింది.”

“ఒడెస్సా పిన్నా? ఆవిడ నాకంటే ఓ చాయ నలుపు కదా.”

“యజమానీ నసిగాడు. అట్టమీద వెలుతురు ఎక్కువ పడిందయ్యా అన్నాం. నమ్మాడు.”

“కోతలు.”

“ఆ తర్వాత ప్రతి ఊరూ ఆవిడనే అడిగింది. మేం వాయించేవాళ్లం, ఆవిడ తినేది. టెంక కనబడిందంటే పాట ఆపేసేవాళ్లం. చలికాలం డబ్బా పీచ్‌లు. చప్పట్లన్నీ పండుకే. పాపం రూబెన్, బట్టతలమీద దీపం పడి తళతళలాడుతున్నా వాడివంక చూసిందెవరు? అలాంటి చెయ్యి ఈ నది ఒడ్డున మళ్లీ పుట్టలేదే. వాడు పోయి మార్చికి ఏడాది.”

“చర్చిలో చూసేదాన్ని. ఇటు మాత్రం ఎప్పుడూ రాలేదు.”

“ఆఁ... మెడ దగ్గర కాస్త చూసుకో. కోస్తావు.”

“బ్యాండ్ ఎందుకు ఆగింది?”

“ఒడెస్సాకి ఒళ్లంతా దద్దుర్లు. పీచ్ మానమన్నాడు డాక్టరు. ఆవిడ మానేసింది. జనం మమ్మల్ని పిలవడం మానేశారు. ఇదిగో, అసలు ఫొటో. స్టేజిమీద తీసింది ఇదొక్కటే.”

“ఇందులో అంతా ఆవిడ టోపీయే. వెనక... మోచెయ్యా ఇది?”

“నాదే.”

“ఆర్గన్ వాయించేవాడి మోచెయ్యి చెవిదాకా ఎందుకు లేచింది?”

“ఆవేశం.”

“బాబాయ్.”

“దోమ.”

“నిజంగా నీదేనా?”

“చేతిలో కత్తి పెట్టుకుని అడుగుతున్నావు. అబద్ధమెలా ఆడతానే?”

“సరే, ఇదిగో, తగిలించా. కింద నీ పేరు రాయనా?”

“ఇప్పుడే వద్దు. గట్టిగా నిలిచిందా?”

“నిలిచింది. ఒకసారి గోడెక్కినదాన్ని దించడం మా తాత కాలంనుంచీ లేదు.”

“అయితే చెబుతా. పండు నిజం, పిల్లి నిజం, దద్దుర్లు నిజం. నేను కల్పించింది ఆ మోచెయ్యొక్కటే. అది రూబెన్‌ది. ఇరవై ఏళ్లకే జుట్టంతా రాలిపోయినవాడు, ఈ కుర్చీలోకి ఏం పెట్టుకుని వస్తాడే? నేనా, కెమెరా పట్టుకుని ఎదురుగా నుంచున్నా.”