ఉన్నవాణ్ణి లేనట్టు

ఊరంతటికీ ఒక్కటే టీవీ ఉన్న ఎనభైల నాటి మాట. ముసునూరు పక్కన మామిడితోటలో కాపలా పాక, పొద్దున్న పూట. నిన్న సాయంత్రం తోట షావుకారి అరుగు మీద, టీవీలో తన చావు తానే చూసుకొచ్చిన పెద్దిరాజు, తన పెళ్లాం మంగమ్మ మీద అంతెత్తున లేస్తున్నాడు. అతని తల్లి నాగేంద్రమ్మ గుంజకి ఆనుకుని ఇంకా ముక్కు చీదుతూనే ఉంది.

"ఛీ! థూ! ఆ పేరేంటే, ఆ కార్యక్రమానికి పెట్టిన పేరేంటి? 'ఉన్నది ఉన్నట్టు'! ఉన్నవాణ్ణి లేనట్టు చూపించి, ఉన్నది ఉన్నట్టంట!"

"అరవమాకయ్యా. చద్దన్నం పెట్టాను, తిను ముందు."

"చచ్చినోడికి చద్దన్నమెందుకే? పిండం పెట్టు, కాకులతో పాటు నేనూ వాల్తా!"

"అయ్యో నా కొడుకో, నా బంగారు కొండో..."

"అమ్మా! నువ్వాపు! నీ కొడుకు నీ ఎదురుగానే ఉన్నాడు. ఇదిగో, గిల్లి చూసుకో."

"ఉన్నావులేరా అయ్యా, ఉన్నావు. అయినా టీవీలో ఆ పోయినోణ్ణి తలుచుకుంటే కడుపు తరుక్కుపోతంది. ఎంత మంచోడంట! తాగడంట, పెళ్లాన్ని పల్లెత్తు మాట అనడంట."

"అది నేనేనమ్మా!"

"నువ్వెందుకవుతావురా? నువ్వు తాగుతావుగా."

"చూశావా మంగా? కన్నతల్లి! నిన్న నా పక్కనే కూర్చుని, నా భుజమే పట్టుకుని, నా చావుకే ఏడ్చింది. ముందు కూర్చున్న ఆ సలోమోను నా వైపు తిరిగి 'మంచి మనిషి పోయాడన్నా' అని నాతోనే అంటాడు! నాతోనే! నేనెవర్నిరా అంటే, 'ఉండన్నా, చూడనీ' అన్నాడు."

"అంత బాగా తీశారు మరి."

"బాగా తీశారా? నా ప్రాణం తీశారు! కార్యక్రమమా అది? నాకు కార్యం, వాళ్లకి క్రమం! దాన్ని టీవీ అంటారా? ఠీవిగా అబద్ధాలాడే పెట్టె! మాఘమాసంలో, చెట్టుకి పూత తప్ప పిందె కూడా లేని రోజుల్లో ఆ టీవీ వాళ్లు దిగి, మామిడికోతలు తియ్యాలన్నారు. కాయలేవండీ అంటే, కొండపల్లి నుంచి కొయ్యకాయలు తెచ్చి దారాలతో వేలాడేశారు. కొయ్యకాయల్ని ఎట్టా కొయ్యమంటావే? ఉడతొకటి వచ్చి, కొరికి చూసి, వాళ్ల ఎదురుగానే ఉమ్మేసి పోయింది. తోట మొత్తం మీద సిగ్గున్న ప్రాణి అదొక్కటే."

"నువ్వు కోశావుగా ఆ కాయల్ని. నలుగురూ చప్పట్లు కొట్టారు."

"కొయ్యమంటే కోశాను. కోతలు చూపిస్తామని వచ్చి, కోతలు కోసి పోయారు వెధవలు! నీ మంచి చీర మార్పించి, పక్కింటి ఇన్నమ్మ చిరుగు చీర కట్టించారా? ఆ చిరుగు చాల్లేదని ఇంకో జానెడు చింపారు."

"ఆ చీర గురించి ఇన్నమ్మ ఇంకా నాతో దెబ్బలాడతానే ఉంది."

"తర్వాత నుదుటి బొట్టు తుడిచారు. కంటి నుంచి బొట్లు బొట్లుగా రాల్చావు. తాళి కట్టినోణ్ణి నేనుంటే, 'కట్' అనేది ఆ డైరెక్టరంట!"

"ఒరే, నాకొకటి అర్థం కాలేదురా. ఆ దండేసిన ఫొటో వాళ్లకెక్కడిది? ఆగిరిపల్లి తిరనాళ్లలో తీయించుకున్నావే, అరువు కోటేసుకుని, అదేగా? అది పెట్టె అడుగున ఉండేది."

"ఏమోనమ్మా. టీవీ వాళ్లు. వాళ్లకి ఎక్కణ్ణించైనా వస్తయ్యి."

"పెట్టెకి తాళముంటది కదరా?"

"అబ్బా, ఫొటో సంగతి వదిలెయ్యండి!"

"ఫొటో సంగతి నేనెత్తలేదయ్యా."

"ఎత్తొద్దు. ఇప్పుడు ముంచుకొచ్చింది ఫొటో కాదు. పొద్దున్నే ప్రభాకరరావు షావుకారు కబురు చేస్తే వెళ్లానా? ఎల్లుండి తొలికాయ నన్ను కొయ్యొద్దన్నారు."

"నిన్నా? తొలికాయా?"

"నన్నే! పద్దెనిమిదేళ్లుగా ఈ తోటలో తొలికాయ నా చేతి మీదే దిగుతోంది. ముచ్చిక విరక్కుండా, సొన చుక్క కాయ మీద పడకుండా దింపి, ఆయన చేతిలో పెడితేనే బండి కదిలేది. నా హస్తవాసి అట్టాంటిదని ఆయనే నలుగురికీ చెప్పేవాడు. ఇప్పుడేమో, దండ పడ్డ మనిషి చేత్తో కోయిస్తే సరుకంతా దారిలోనే కుళ్లిపోద్దంట!"

"నువ్వు బతికే ఉన్నావుగా. ఆయనకి కనపట్టంలా?"

"నేనూ అదే అన్నా. 'ఉన్నాను కదండీ' అన్నా. 'నువ్వున్నావని నాకు తెలుసురా, బెజవాడ మార్కెట్లో ఎవరికి తెలుసు?' అన్నారు. నేనుండటానికి కూడా మార్కెట్ కావాలంట! రోత పుట్టింది."

"మరి ఎవరు కోస్తారంట?"

"నరసింహులు! నాతో కోతకొచ్చే ఆ నరసింహులు కాయని కొయ్యడే, పీకుతాడు! వాడి చేతికి కాయలు దింపే నా చిక్కం కర్ర ఇచ్చి నేను కింద గడ్డి పరుచుకోవాలా? అందుకే, నేను కాళ్లావేళ్లా పడితే షావుకారు పంతులుగార్ని అడిగించారు. ఆయన ఒక దారి చెప్పారు. చాలా తేలిక."

"ఏంటది?"

"టీవీలో నువ్వేడ్చింది దొంగేడుపైతే దోషం లేదంట. నాటకం నాటకం కిందే పోద్ది. నిజం కన్నీళ్లయితే మాత్రం నాకు కర్మ చేసినట్టే లెక్కంట. నువ్వొచ్చి, తొలికోత చెట్టు మొదట్లో చెయ్యేసి, షావుకారి ముందు, 'అవి దొంగేడుపులండీ' అని ఒట్టెయ్యి. అంతే. పద."

"వెయ్యను."

"ఆ?"

"కొయ్యకాయలకి వేస్తా. ఇన్నమ్మ చీరకి వేస్తా. నువ్వు తాగవన్నది అబద్ధమని రెండు చేతులతో వేస్తా. ఏడుపుకి మాత్రం వెయ్యను."

"ఎందుకెయ్యవే? కంట్లో మందు వేశారుగా?"

"వేస్తామన్నారు. వద్దన్నా."

"ఉల్లిపాయ?"

"లేదు."

"మామిడి సొన రాసుకున్నావా?"

"పూత మీద సొనెక్కడిదయ్యా?"

"మరి? అంటే... నేను పోయాననుకున్నావా, మంగా?"

"ఆ డైరెక్టరు అదే చెప్పాడు. 'మీ ఆయన చెట్టు మీద నుంచి పడి పోయాడనుకో అమ్మా' అన్నాడు. అనుకున్నా. రాలేదు."

"రాలేదా?"

"రెండుసార్లు తీశారు. రెండుసార్లూ రాలేదు. ఒకసారి నవ్వొచ్చింది."

"రెండుసార్లు చస్తే ఒక్క చుక్క రాలేదా! ఛీ! ఏం పెళ్లానివే నువ్వు?"

"ఏడిస్తే ఎందుకేడ్చావంటావు, ఏడవకపోతే ఎందుకేడవలేదంటావు!"

"అమ్మా మంగమ్మా, దెబ్బలాడుకోకండర్రా. ఆదివారం మళ్లీ వేస్తారంట. ఈసారి ముందే పోయి చాప పరుచుకుందాం. నిన్న ఆ చావు దగ్గర నాకు ఎవరిదో తల అడ్డమొచ్చింది."

"అది నా తలేనమ్మా! ఛీ ఛీ, ఏం జనంరా! బతికున్నోడి తల అడ్డం, చచ్చినోడి ఫొటో ముద్దు! మంగా, ఇటు చూడు. మరి మూడోసారి ఎట్టా వచ్చింది ఏడుపు?"

"అన్నం చల్లారతంది."

"చద్దన్నం చల్లారేదేంటే? చెప్పు!"

"నువ్వక్కడే ఉన్నావుగా. నీకు తెలీదా?"

"నన్ను జీపు వెనక నిలబెట్టారు. నేనేం చూడలేదు."

"జీపు వెనకే ఉన్నావా?"

"ఆ... వెనకే. నాకంతా అసహ్యమేసి, అటు తిరిగి నిలబడ్డా."

"పద్దెనిమిదేళ్లుగా నువ్వు చెట్టు మీద, నేను కింద గంప దగ్గర. కొమ్మ చిటుక్కుమంటే చాలు, కాయ సర్దే చెయ్యి ఆగిపోయేది. తాళి పట్టుకుని పైకి చూసేదాన్ని. ప్రతి ఏడూ, ప్రతి చెట్టుకీ."

"నేనడిగింది అది కాదు."

"నేను చెప్పేది అదే. ఆ తాళిని డైరెక్టరు చీరలో దాచెయ్యమన్నాడు. నీ వైపు చూశా, వద్దంటావేమోనని. నువ్వు లేవు."

"జీపు వెనక..."

"జీపు వెనక కాదు. పాకలో పెట్టె తాళం తీస్తన్నావు."

"ఒరే, అంటే ఫొటో నువ్వే..."

"నువ్వుండమ్మా! మంగా, అదీ... వాళ్లే అడిగారే. ఫొటో ఉంటే నేనూ టీవీలో కనపడతానన్నారు. బతికున్నోడికి ఆ కథలో చోటు లేదన్నారు..."

"ఇచ్చావు. సరే, ఇచ్చావు. మూడోసారి తీస్తన్నారు, నేను ఫొటో ముందు కూర్చున్నా. అప్పుడు నువ్వు దువ్వెన జేబులో పెట్టుకుంటా 'సార్, ఒక్క నిమిషం' అని పరిగెత్తుకొచ్చి, పూలు మొహానికి అడ్డమొస్తన్నయ్యని, నీ ఫొటోకి దండ నువ్వే సర్ది పోయావు చూడు... అప్పుడొచ్చినయ్యయ్యా నీళ్లు."