గాల్లోంచి గేదెను పట్టాను

గొప్పలు చెప్పుకుంటున్నాననుకోకండి గానీ, మొన్న తప్పిపోయిన మా గేదెని ఆ డ్రోనువాళ్ళు కనిపెట్టలేదు, నేనే కనిపెట్టించాను. టీ కొట్టు బాబాయ్, ముందు ఆ స్టవ్వు తగ్గించి విను, ఏం వినబడట్లేదు. మా ఆయన పోయాక మా ఇంట్లో సంపాదించేది ఆ గేదె ఒక్కటే. కొడుకున్నాడు, వాడు తినడానికే. గేదె దొరక్కపోతే నేనూ, కోడలూ, వాడూ ఏం తినాలి, మట్టా?

అందుకని పొలాలకి మందు కొట్టడానికొచ్చిన డ్రోనువాళ్ళ గుడారంలోకి పోయి కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"నిన్ను కూర్చోనిచ్చారా అక్కా?" అన్నాడు పాలకేంద్రం తమ్ముడు.

కూర్చోనివ్వకేం, తుడిచి మరీ వేశారు. ఆ డ్రోనుకి మూడు కళ్ళు. ఒకటి మామూలు కెమెరా, నల్లగా కనబడితే చాలు, చెట్టు నీడని కూడా గేదె అంటుంది. రెండోది ఒంటి వేడి చూసేది, అది ఎండకి కాలిన బండరాయిని గేదె అంది. మూడోది రాడారు, కదిలేదాన్ని పడుతుంది, అదేమో గాలికి ఊగే రెల్లుగడ్డిని గేదె అంది. వాళ్ళు జుట్టు పీక్కుంటున్నారు. అప్పుడు నేనేమన్నానో చెప్పనా? "ముగ్గురు తోడికోడళ్ళు తలో మాటా చెబితే ఎవర్ని నమ్ముతారర్రా? ముగ్గురూ ఒప్పుకున్నదే నమ్మాలి. మూడు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి పరవండి. నల్లగా ఉండాలి, వెచ్చగా ఉండాలి, కదలాలి" అన్నాను. పరిచారు. నీడ పోయింది, రాయి పోయింది, రెల్లు పోయింది, ఊబి మధ్యలో ఒక్క చుక్క మిగిలింది!

"అబ్బో!" అన్నాడు బాబాయి.

ఆగవయ్యా, ఇప్పుడే అబ్బో అనేస్తే తర్వాతదానికి ఏమంటావు? డ్రోనుని ఇంకా పైకి పోనిచ్చాను. మబ్బుల మీంచి చూస్తే గేదె తోక మీద ఈగ కనబడింది, అది ఆడదో మగదో ఒంటి వేడిని బట్టి చెప్పేశాను. ఇంకా పైకి పోనిస్తే దారి తప్పిన విమానం ఎదురొచ్చి ఎటు పోవాలమ్మా అని అడిగింది, చూపించాను. ఇంకా పైకి పోతే ఎవరు కనబడ్డారనుకున్నారు? మా ఆయన! అక్కడికి పోయినా చుట్ట మానలేదు, వేడి కెమెరాలో నిప్పు ఎర్రగా కనబడింది. చెయ్యి ఊపాడు. గేదె పనిలో ఉన్నాను, తర్వాత చూద్దాం అని చెప్పి డ్రోను దించేశాను.

"ఇంతకీ గేదె దొరికిందా?" అన్నాడు తమ్ముడు.

దొరకకేం! ఊబిలోంచి తాడేసి లాగితే...

సరిగ్గా అప్పుడే పాల క్యాను పట్టుకుని దిగింది మా కోడలు.

"ఎవర్ని లాగారత్తా? గేదె పాలవేళకి దానంతటదే ఇంటికొచ్చింది. దాన్ని వెతుక్కుంటూ పోయి ఊబిలో నడుం దాకా దిగబడింది నువ్వు! ఒళ్ళంతా నల్ల బురద కొట్టుకుని, చేతులూపుతూ ఉంటే మూడు కళ్ళూ కలిసి గేదె అని చూపించింది నిన్నే! పాపం ఆ డ్రోనువాళ్ళు గడ్డిమోపు పట్టుకుని దా దా అంటూ వచ్చారు కూడా!"

కొట్టంతా ఒకటే నవ్వు. బాబాయి చేతిలో గ్లాసు ఒలికిపోయింది.

నవ్వండి, నవ్వండి. ఆ గడ్డిమోపు నేను వదిలాననుకున్నారా? నెత్తిన పెట్టుకొచ్చి గేదెకి వేశాను!