చక్కోత పండ్లు, నాయన తుపాకి

తండ్రి చనిపోయాక రూలు ప్రకారం అంగడిలో అప్పగించిన ఆయన తుపాకిని తన పేరు మీదికి మార్చుకుని తెచ్చుకోవాలని దేవనహళ్ళి రైతు రామాంజి, బెంగళూరు చిక్కపేటలో ఓబళప్ప తుపాకుల అంగడి చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయాడు. ఈ రోజు తాడో పేడో తేల్చుకునే పోదామని వచ్చాడు.

“మళ్ళా పెంచినావా? పోయిన తూరి ఒక ఫీజు చెప్తివి, ఇప్పుడు ఇంకొకటి చెప్తా ఉండావు. ఇదేమన్నా బంగారు రేటా, దినానికొకటి మారేదానికి?”

“కూచో రామాంజీ. నీళ్ళు తాగు.”

“నీళ్ళొద్దు, ఏమొద్దు. పేరు మార్చేదానికి ఎంతో ఒక్క మాట చెప్పు ఓబళప్పన్నా. లైసెన్సు నా పేరు మీదికి వచ్చి ఎన్నాళ్ళాయె? పోలీసోళ్ళు కూడా ఇంత సతాయించలే.”

“ఆ సంచిలో ఏముండాది?”

“చక్కోత పండ్లు, పంపర పనస అంటారే, అవే. ఇంకేముంటాది? ‘అంగడాయనతో మంచిగుండు, పండ్లు తీసకపో, నవ్వుతా మాట్లాడు, ఫీజు తగ్గిస్తాడు’ అని మా చైత్ర చెప్పె. పెండ్లాం మాట విని వచ్చినప్పుడంతా మోసకొస్తి. నేను పండ్లు తెచ్చినప్పుడంతా నువ్వు ఫీజు పెంచితివి.”

“పండ్లకేమప్పా, బాగుండాయి. ఏ చెట్టువి?”

“ఏ చెట్టువైతే నీకేం? గట్టు మీద చెట్టువి. మా నాయన నాటింది.”

“అంటే ఇప్పుడు మీ నవీన్ చెట్టు.”

“వాని పేరెత్తొద్దు.”

“తమ్ముని పేరెత్తితే తప్పా?”

“తమ్ముడంట, తమ్ముడు. సర్వేవాళ్ళను పిల్చుకొచ్చి రాళ్ళు నాటించె. చెట్టు వాని దిక్కు పోయె. వాని భాగం ఇండ్ల సైట్లు చేసి అమ్ముతాడంట. రోడ్డుకు చెట్టు అడ్డమంట. కొట్టేస్తాడంట. నాయన బిందెతో నీళ్ళు మోసి పెంచిన చెట్టు. దినమూ రాత్రిపూట దాని కిందే పండుకుంటా ఉండా, ఎట్ల కొడతాడో చూస్తా. నా తుపాకి నాకియ్యి.”

“దేనికప్పా?”

“దేనికేంది? పందులకు. అర్జీలో రాసి ఉండాది కదా, పంట కాపలాకని.”

“ఏం పంట?”

“రాగి.”

“రాగి కోసి కుప్ప వేసినామని పోయిన తూరి నువ్వే చెప్తివి.”

“ఇంకా ఉండాది. కొంచెం ఉండాది. నువ్వు తుపాకులు అమ్మేటోనివా, వ్యవసాయం ఆఫీసరువా?”

“మీ నాయన దీన్ని ఎప్పుడు పేల్చినా ఆకాశానికే పేల్చె. శబ్దానికే పందులు పోతాయి అనె. నువ్వు యాడికి పేలుస్తావు?”

“నా ఇష్టం.”

“నువ్వు మొదటి తూరి వచ్చినప్పుడు, ఈ బెంచీ మీదే కూచోని, ఫోన్లో ఎవురితోనో అంటివి. ‘నాలుగు కాళ్ళ పందుల సంగతి తర్వాత, రెండు కాళ్ళ పంది ఒకటుండాది’ అని. నాకు చెవుడు లేదు రామాంజీ.”

“కోపంలో ఏమో అంటి. కోపమొస్తే అనమా?”

“అనొచ్చు. నేను ఆ దినం నుంచే ఫీజు పెంచుతా ఉండా.”

“అంటే కావాలనే? కావాలనే తిప్పితివా నన్ను? బస్సులెక్కి, పండ్లు మోసి, పిచ్చోని మాదిరి నవ్వి... నాకు బుద్ధి చెప్పేదానికి నువ్వెవురు? మా ఇంటి సంగతి నీకెందుకు?”

“నాకెందుకు లే.”

“ఇదో. చైత్ర గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చినా. నువ్వు అడిగిందాని కన్నా ఎక్కువే ఉండాది. ఇంకొక మాట మాట్లాడితే స్టేషన్‌కు పోతా, నీ అంగడి లైసెన్సే తీయిస్తా.”

“దుడ్డు జేబులో పెట్టుకో.”

“పెట్టుకోను. తుపాకి తీ.”

“తీస్తాలే. దుడ్డు వద్దు. ఇందాక పెంచి చెప్పింది నీ మనసు చూసేదానికే. నీ ఫీజు మొత్తం నిన్ననే ఒకరు వచ్చి కట్టి పోయిరి. బేరం కూడా చేయలే. ఇట్లాంటి చక్కోత పండ్లే ఒక సంచి తెచ్చి పెట్టిరి. చూడు, ఆ బీరువా పక్కన ఉండాయి.”

“నా ఫీజా? ఎవురు కట్టింది?”

“నీ రెండు కాళ్ళ పంది. ‘మా అన్నకు నా మీద కోపముంటే ఉండనీ సామీ. పందులు తిరిగే చోట రాత్రంతా ఒక్కడే పండుకుంటాడు, చేతిలో కట్టె తప్ప ఏమీ లేదు. బిరీన ఆయన తుపాకి ఆయనకిచ్చి పంపించు’ అనె. ఇదో, మీ నాయన తుపాకి. చెయ్యి చాపప్పా. ఎందుకట్ల నిలబడితివి?”