తేలిక రోజు

తెనాలి వ్యాయామశాలలో, ముసురు పట్టిన ఒక సాయంత్రం, తల మీదికి ఎత్తలేక బార్‌బెల్ దించేసిన శిష్యుడి భుజాలను మాస్టారు నొక్కి చూస్తున్నారు.

“సోమవారం బరువు రోజు, గురువారం తేలిక రోజు అని చెప్పానా?”

“చెప్పారండి.”

“మరి నెల్లాళ్లుగా నువ్వు తల మీదికెత్తే బరువు ఒక్క కిలో పెరగలేదేంటయ్యా? అవతల బాపట్ల పోటీ వచ్చేస్తోంది.”

“తేలిక రోజున ఇంట్లోనే చేస్తున్నానండి. వొట్టి కడ్డీతోనే.”

“వొట్టి కడ్డీకి భుజాలు ఇలా వాస్తాయా?”

“మా ఆవిడ ఆ కడ్డీని వసారాలో దండెంగా వాడుతోందండి. గురువారం బట్టలుతుకుతుంది.”

“బట్టలు తీసేసి ఎత్తొచ్చుగా.”

“ఆరకుండా తీయనివ్వదండి. వాటితోనే ఎత్తమంటుంది. పైకెత్తి పట్టుకుంటే గాలి బాగా తగులుతుందట.”

“ఎంతసేపు?”

“ఆరేదాకానండి. చీరలైతే ఫర్వాలేదు. దుప్పటికే చేతులు పడిపోతున్నాయి. దించబోతే అంచు నేలకి తగులుతుందని కేకలేస్తుంది.”

“అది తేలిక రోజెలా అవుతుందయ్యా?”

“నేనూ అదే అడిగానండి. నీళ్లు పిండేశాను కదా, తేలికే అంది.”

మాస్టారు గుమ్మంలోంచి వాన వంక చూశారు.

“ఇంతకీ దుప్పటి ఆరుతోందా?”

“శుభ్రంగా ఆరుతోందండి.”

“అయితే ప్రోగ్రాం మారుద్దాం. ఇక గురువారం కూడా బరువు రోజే. వెళ్తూ వెళ్తూ మా ఇంటి దుప్పట్లు పట్టుకెళ్లు.”