పతకం అంచు మీది పేరు

జూలూల కొండ ఊరు ఎన్‌ఖుటు. ఒక ఇంటి గుమ్మంలో ఇద్దరు: పట్నం మ్యూజియం నుంచి వచ్చిన జలీ, చంటిబిడ్డనెత్తుకున్న ఆ ఇంటి కోడలు మసిబియా.

"మళ్ళీ అడుగుతున్నా మసిబియా. ఈ ఇంటి ముత్తాత పేరేంటి?"

"ఆయనేనండీ. మా మామగారికి ముత్తాతగారు."

"అది చుట్టరికం. నేనడిగింది పేరు."

"కాస్త అంబలి తాగుతారా బాబాయ్? మొక్కజొన్నది. బాగా పులిసింది."

"రెండు చెంబులయ్యాయి. కడుపులో గుడగుడమంటోంది. పేరు చెప్పు."

"మా మరిది వచ్చేస్తాడు. గోమార్లు పట్టాయని ఆవుల్ని మందునీళ్ళ తొట్టికి తోలుకెళ్ళాడు. వాడైతే గడగడా చెప్తాడు."

"ఎప్పుడొస్తాడు?"

"ఆవుల్ని బట్టండీ."

"మీ ఆయన్ని అడుగు ఫోన్లో."

"ఆయన గనిలో దిగుంటాడు. భూమి లోపల ఫోను మోగుద్దా?"

"మరి నువ్వు చెప్తే ఏం పోయింది?"

"మీరు జూలూలేనా బాబాయ్? అత్తింటి పెద్దల పేరు కోడలు నోట పలకొచ్చా?"

"నేను డర్బన్‌లో పుట్టాను. మా ఆవిడ మా నాన్నని పేరు పెట్టే తిడుతుంది."

"అయ్యో. పిల్లలు బాగున్నారా?"

"గుర్రాల్లా ఉన్నారు. ఇదిగో, ఇటు చూడు. మన రాజు మీదికి ఇంగ్లండు రాణి దండు దిగినప్పుడు ఆ దండులో చేరినవాడిది ఈ వెండి పతకం. ఈ ఊరి కొట్టు యజమాని చనిపోయాక ఆయన సొరుగులో దొరికింది. అంచు మీద సిపాయి పేరు చెక్కారు. ఏటి అవతలి ఎంబాతా ఇంటివాళ్ళు మా ముత్తాతదే అంటున్నారు. పొద్దున పేరడిగితే ఠక్కున చెప్పారు. సరిపోయింది కూడా."

"వాళ్ళా? మొన్నటిదాకా రాణి జీతగాడి మునిమనవలని మమ్మల్ని పెళ్ళిళ్ళలో విడిగా కూర్చోబెట్టారు. పతకం దొరికిందనగానే ఆ జీతగాడు వాళ్ళ ముత్తాతయ్యాడా?"

"నాకవన్నీ తెలీవు. నువ్వూ పేరు చెప్తే మళ్ళీ విచారిస్తాం. చెప్పకపోతే వాళ్ళకిచ్చేయడమే."

"అదేంటండీ, ఆయన మా ఆయనే... అంటే మావాళ్ళే."

"పోనీ రాసివ్వు. చదువుకున్నావుగా."

"ఏడుతో మాన్పించేశారు. రాయడమైతే వచ్చు. కానీ రాస్తే చెయ్యి పలికినట్టే కదా."

"నేను వరసగా పేర్లు చెప్తా. నీది వచ్చినప్పుడు తల ఊపు."

"తల మాత్రం ఎవరిదండీ?"

"ఇక వెళ్తానమ్మా. చీకటి పడితే ఆ ఘాటు రోడ్డు దిగలేను."

"ఆగండి. పతకం లేకుండా మిమ్మల్ని గుమ్మం దాటనిస్తే నన్ను పుట్టింటికి దాటిస్తానని చెప్పి మరీ ఆసుపత్రికెళ్ళింది మా అత్తయ్య. దీనికేమో పళ్ళొచ్చే జ్వరం. ఏం చేసినా ఏదో తగులుద్దని భయంగా ఉంది... మీరు అటు తిరగండి."

"తిరిగాను."

"బిడ్డ చెవులు మూశాను. పెద్దలారా, తప్పు కాయండి. తెలిసి చేస్తున్నది కాదు. అంటే తెలిసే, కానీ కావాలని కాదు... గ్వబినీ."

"గ్వబినీ అన్నావా?"

"రెండోసారి చచ్చినా అనను. మీరనండి, మీకేం."

"అది కాదమ్మాయ్."

"ఏది కాదు?"

"అంచు మీద ఆ పేరు లేదు."

"నోరు పాడుచేసుకున్నాక లేదంటారేంటండీ? పెద్దలు వినేసుంటారు. తిరిగి మింగమంటారా?"

"నేనేం చేయను? జిమ్ అని ఉంది. అవతలివాళ్ళూ జిమ్ అనే చెప్పారు. జిమ్ మా ముత్తాతే అని ఇంటిల్లిపాదీ సంతకాలు పెట్టారు."

"ఎవరని పెట్టారు?"

"జిమ్."

"వాళ్ళ ముత్తాతా?"

"ఆఁ. ఏం?"

"ఉండండి, బిడ్డని దించి వస్తా. నవ్వితే జారిపోద్ది."

"ఏమైందే పిల్లా?"

"జిమ్ మా గుర్రమండీ. ఆయన ఎక్కి వెళ్ళిన ఎర్ర గుర్రం. మా ఇంటి కోడళ్ళకి ఆయన పేరెత్తే వీల్లేదు. అందుకని యుద్ధం కథ చెప్పేటప్పుడు జిమ్ ఏరు దాటాడు, జిమ్ దొరని కాపాడాడు అనే చెప్తారు. ఏట్లో బట్టలుతుకుతూ చెప్తారు. అవతలి ఒడ్డున వీళ్ళు విన్నట్టున్నారు."

"కథల్లో సరే. దండు పట్టీలో మనిషి పేరుండాల్సిన చోట గుర్రం పేరెలా వస్తుంది? తెల్లదొర గుర్రానికి పతకమిస్తాడా?"

"పేర్లు రాసుకునే దొర ఈ ఇంటికొచ్చేసరికి మగాళ్ళంతా ముందే వెళ్ళిపోయారంట. ఆయన భార్య ఒక్కతే ఉందంట, చంకలో బిడ్డతో."

"ఉంటే?"

"ఉంటే ఏముందండీ. మీలాగే ఈ గుమ్మంలో కూర్చుని, మీ ఆయన పేరేంటమ్మా అని అడిగాడు."