మాబాషా మిషను ఆపిన మాట

ఏమే ఆర్షియా, భాగం వద్దని రాసిచ్చే ఆ కాగితంలో 'విల్లింగ్లీ' అని కొట్నావే, బయట బెంచీ మీద కూచున్న శివమ్మను అడిగినావా? ఏందీ? ఫార్మాట్లోనే ఉంటాదా? పేరూ, సర్వే నంబరూ మారిస్తే సాలా? థూ! మీ తాత మాబాషా పేరు బోర్డు మీద పెట్టుకుంటివి గదే! ఆయప్పే బతికుంటే ఈ కంప్యూటర్ను ఎత్తి రోడ్డు మీద ఏసేటోడు. నవ్వాకు. అప్పట్లో మీ తాత ఈ ఆళ్లగడ్డలోనే సైకిల్ షాపు వసారాలో కూచోని టైపు కొడతాండె. ఆ షాపాయన కొడుకులు నంద్యాలకు పోయిరిలే, అది ఇడ్సిపెట్టు. ఒకనాడు మా అన్నలిద్దరూ నన్ను దొర్నిపాడు నుంచి ఆయప్ప కాడికి పిల్సుకోనొచ్చిరి. నాయన సేనులో నాకు భాగం వద్దని రాసియ్యాల. మీ తాత టకటకా కొడతా కొడతా ఆ 'విల్లింగ్లీ' మాట కాడికొచ్చి మిషను ఆపేసినాడు. ఆయప్పకు అదొక పద్ధతి. "అప్పా, మీరు బోయి టీ తాగి రాపోండి" అన్నాడు. మా పెద్దన్న ఎగిరినాడు. "ఏం సాయిబూ, మా ఆడమనిషితో నీకేం మాటలు? కొట్టు బేగా!" "ఆయమ్మ నోటితో ఇనకుండా ఈ మాట కొట్టనప్పా. ఇంకో టైపిస్టు ఉన్నాడు, పొండి." గొణుక్కుంటా టీకి పాయిరి. అప్పుడడిగినాడు. "సెల్లే, ఈడ ఇంగ్లీషులో ఇష్టపడి ఇస్తాండా అని రాయాల. ఇష్టమేనా?" నేల సూసుకుంటా "రాసుకోన్నా" అంటి. "రాసేది కాదు, ఇష్టమా అంటాండా." మళ్లా "రాసుకో" అంటి. మూడోసారికి నాకు ఏడుపొచ్చె. కాగితం సర్రున పీకి నాలుగు ముక్కలు చేసినాడు. పుట్టి ముప్పై ఏండ్లకు, నీకిష్టమా అని నన్నడిగిన మొగోడు ఆయప్పొక్కడే! నా భాగానికొచ్చిన రెండెకరాల్లోనే ఈ పొద్దుకీ సెనగ ఏస్తాండా. మా అన్నలు ఊరు ఊరంతా తిరిగి, ఆ సాయిబు కాడికి ఎవురూ పోవద్దని సెప్పిరి. రెండేండ్లు మా ఊరి నుంచి ఒక్క అర్జీ రాలేదు. ఆయప్ప నన్ను ఒక్క మాటన్నాడా? నువ్వేమో ముందే అచ్చేసి పెట్టినావు. సూడు, కిటికీలోంచి సూడు. శివమ్మ ఆధార్ కార్డు వాళ్ల మరిది చేతిలో ఉంది. ఇష్టముండే మనిషి కార్డు ఇంకొకడు పట్టుకుంటాడా? లెయ్. వాన్ని టీకి పంపు. ఆమెను లోపలికి పిల్సి, తలుపేసి అడుగు. మూడుసార్లు అడుగు. పో, నేనీడనే కూచుంటా.